నలుగుపిండిలో తోడు

నమోదు 1

పాత చిట్టా నిండింది, ఇది కొత్తది. తోడు పెంచేవాళ్ళు రోజూ ఏం చేశారో రాసి తీరాలని పెద్దాఫీసు ఆజ్ఞ. చదివే నాథుడెవరో తెలియదు గానీ, ఒక్కరోజు రాయకపోతే మాత్రం వాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది.

పొద్దున తోడుకు గంజి పోశాను. పెరుగు తోడులాంటిదే ఇదీ. కుండలో బతికి ఉంటుంది, వేళకు మేత పెట్టాలి, పెట్టకపోతే పులిసి కంపు కొడుతుంది. పాలకు బదులు మచ్చను తింటుంది, అంతే తేడా. కాలినచోట గట్టిపడ్డ మాంసాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. తిన్నచోట ఒళ్ళు తనంతట తానే మెత్తని చర్మం అల్లుకుంటుంది. మచ్చలేని చర్మం మీద మేత దొరక్క ఒక పూటలో చచ్చిపోతుంది. అందుకే దీన్ని ఇంట్లో పెట్టుకోవడానికి భయం లేదంటారు.

మా అద్దాలగుట్టలో నాకు పనికి కరువు లేదు. గుట్టపైన ఎండ పట్టే పెద్ద అద్దాలు, గుట్టలోపల మేము. తెల్లవారుజామున వెళ్ళి అద్దాలు తుడిచి, ఎండ సైరన్ మోగేలోపు సొరంగాల్లోకి వచ్చి పడాలి. తుడిచేటప్పుడు ఏ అద్దమైనా పట్టు తప్పి మనిషివైపు తిరిగితే వెలుగు కత్తిలా కాల్చి కోస్తుంది. కేక పెట్టేలోపే అయిపోతుంది. మచ్చ లేని మనిషిని చూపిస్తే ఆ మనిషి ఎప్పుడూ పని చేయలేదని ఒట్టేసి చెబుతాను.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది తిమ్మక్క ముఖం. ఎడమ కనుబొమ్మ నుంచి దవడ దాకా ముద్దకట్టిన కోత. పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు పక్కగుట్టవాడు, ముఖం చూసే ఒప్పుకున్నాడు, ఇంతవరకు మచ్చ మాటే ఎత్తలేదు. అతనికి లేని తొందరంతా తిమ్మక్క తల్లి లింగమ్మకు ఉంది.

"చౌడక్కా, నా బిడ్డ పీటల మీద కూకున్యప్పుడు ఒగరు గూడ అయ్యో అనకూడదు. అంతే నేనడిగేది," అంది.

అంతేనట! నేనూ అంతే అనుకున్నాను. నిజం రాయాలంటే ఇంకా ఎక్కువే అనుకున్నాను. ఇంత పెద్ద కోతను ఆనవాలు లేకుండా చేసినవాళ్ళు చుట్టుపక్కల ఏ గుట్టలోనూ లేరు.

నమోదు 2

తోడు బాగుంది. చిన్న చిన్న బుడగలు వస్తున్నాయి.

ఇంట్లో నా మరదలు హనుమక్కకు నెలలు నిండుతున్నాయి. మా తమ్ముడి భార్య. ముగ్గురం ఒకే గదిలో, మధ్యలో తెర కట్టుకుని ఉంటాం. దాని మొదటి కాన్పు ఆపరేషన్ చేసి తీశారు. బిడ్డ దక్కలేదు, కడుపు మీద కోత మిగిలింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎదురుచూస్తే ఇప్పుడు ఈ బిడ్డ. మా తమ్ముడైతే నడుస్తూ కూడా దాని కడుపు వైపే చూస్తూ రెండుసార్లు గడపకు తట్టుకున్నాడు.

ఈరోజు నేను గంజి కలుపుతుంటే హనుమక్క వచ్చి పక్కన చతికిలబడింది.

"ఊర్లో అందరి మచ్చలూ మానిపిస్తావు. నీ మరదలి కడుపు మీద గీత మాత్రం నీకి కనపడదు. కాన్పయినాంక నాకీ పూయల్ల వదినా."

"పూయను," అన్నాను.

"ఏం, నేను లింగమ్మ బిడ్డనైతేనే పూస్తావా?"

నవ్వొచ్చింది గానీ విషయం చెప్పాను. కాలిన మచ్చ పైపైన ఉంటుంది. ఆపరేషన్ మచ్చ అలా కాదు, గోడకు దిగిన మేకులా లోపలిదాకా ఉంటుంది. తోడు గట్టి మాంసాన్ని పట్టుకుని కిందికి దిగుతూనే పోతుంది. పైన చర్మం మూసుకుంటుంది, లోపల గర్భసంచి కుట్టు వదులైపోతుంది. అందుకే ఆపరేషన్ మచ్చ మీద తోడు వాడరాదన్నది మాకు నేర్పే మొదటి పాఠం.

హనుమక్క రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. "అమ్మో! అయితే ఆ కుండ ఆ మూలకు జరుపు, నా పక్కకి తేవద్దు," అంది. కుండ మూలకు జరిపాను. ఆ పూటంతా నన్ను ముట్టుకోనివ్వలేదు. చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి చూపిస్తేనే అన్నం పెట్టింది.

నమోదు 3

తిమ్మక్క ముఖం సగానికి వచ్చింది. సగంలో చూడకూడదు దీన్ని. పాత గట్టి మాంసం పోయి కొత్త చర్మం పూర్తిగా రాక, నానిన అట్టముక్కలా ఉంటుంది. ఇప్పుడు ఆపితే తిన్నంతమేర మళ్ళీ గట్టిపడి, ముందున్నదానికంటే రెండింతలు వికారంగా తయారవుతుంది. ఆ పిల్ల అద్దం అడిగితే ఇవ్వలేదు. ఊరంతా అద్దాలే అయినా మా ఇంట్లో మాత్రం లేదని చెప్పాను.

తోడును చంపడానికి మందు ఒకటే, విరుపు. పాలు విరిగినట్టు తోడు విరిగిపోతుంది. ఒక్కరికి ఇచ్చి లాభం లేదు, పక్కమనిషి చేయి తగిలితే మళ్ళీ అంటుకుంటుంది. అందుకని తాగేనీళ్ళ తొట్టిలోనే వేయాలని నియమం. వేస్తే ఆ గుట్టలో ఎవరి ఒంటి మీద ఉన్న తోడైనా ఆ రోజే చస్తుంది. నా దగ్గర సీసా ఉంది. ఇన్నేళ్ళలో మూత తీసే అవసరం రాలేదు.

ఇక లింగమ్మతో పేచీ. నలుగు రోజు ఎవరూ ముఖం ముట్టుకోకూడదన్నాను.

"ముఖానికి నలుగు పెట్టకుంటే అదేం పెండ్లే తల్లీ? కాళ్ళకు చేతులకు పూసి పంపేకి ఆ పిల్లేమన్నా గొర్రెనా?"

"పిండి రుద్దితే తోడు ఊడిపోతుంది. ఆ రోజు మేత పోతుంది. ముహూర్తానికి ముఖం సిద్ధం కాదు."

"అయితే నీ తోడు పిండిలోనే కలుపు. శనగపిండి, పసుపు, నూనె, నీ తోడు. అన్నీ ఒగేతూరి అయిపోతాయి."

మూర్ఖపు మాటలా వినిపించింది. ఆలోచిస్తే తెలివైన మాటలా వినిపించింది. రుద్దే ఆడవాళ్ళ చేతులకు అంటుకుంటే అంటుకోనీ, మామూలు చర్మం మీద పూటకు మించి బతకదు కదా. సరే అన్నాను.

నమోదు 4

ఈరోజు నలుగు. మా గుట్టలో ఏడాది పొడవునా తడిగుడ్డ స్నానమే. ఎవరింట్లోనైనా పెళ్ళయితేనే పెద్దతొట్టి మూత తెరుస్తారు. పెళ్ళికూతురు మొదట, తర్వాత ముత్తయిదువలు, తర్వాత ఎవరు వస్తే వాళ్ళు, అందరిదీ ఒకటే నీళ్ళు. అందుకే నలుగుకు పిలవని వాళ్ళు కూడా వస్తారు. పెళ్ళి ఎవరిదో తెలియకుండా వచ్చి స్నానం చేసి పోయేవాళ్ళు నాకు తెలుసు.

తిమ్మక్క పీట మీద కూర్చుంది. పిండి నేనే కలిపాను. ఆడవాళ్ళు పాడుతూ పూశారు, మెల్లగా పూయమని ప్రతి చేతికీ చెప్పాను. తర్వాత మామూలు అల్లరే. ఒకరి బుగ్గ మీద ఒకరు, వీపు మీద, మోచేతుల మీద పిండి పూసుకున్నారు. లింగమ్మ నా ముక్కుకూ పూసింది. అందరూ తొట్టిలో దిగారు. వెచ్చటి నీళ్ళలో గొంతుదాకా కూర్చుంటే నాకూ ఏ ఆలోచనా రాలేదు. తిమ్మక్క నవ్వింది. దవడ కదిలినప్పుడు కొత్తచర్మం సాగడం చూశాను. చాలా చక్కగా సాగింది.

హనుమక్క రాలేదు. కాళ్ళు వాచి నడవలేకపోతోంది. తొట్టిలోకి దిగే మెట్లు జారుడని నేనే ఉండిపొమ్మన్నాను.

నమోదు 5

తోడును ఎప్పుడూ గరిటతోనే పూస్తాను గనక నా బొటనవేలి మీద చిన్ననాటి వంటింటి వాత ఒకటి అలాగే ఉండేది. నలుగుపిండి మాత్రం ఉత్త చేతులతో కలిపాను. ఈ ఉదయం గంజి కలుపుతూ చూస్తే లేదు.

కాసేపటికి లింగమ్మ పిక్క చూపిస్తూ వచ్చింది. "నలుగు మహిమ చూడు చౌడక్కా, ముప్పై ఏండ్ల కోత పల్చబడింది!" ఆమె వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకామె భుజం, ఒకామె మెడ. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి.

నేను నవ్వు తెచ్చిపెట్టుకుని పంపించాను. తలుపు గడియ వేసుకున్నాను. మామూలు చర్మం మీద చస్తుందని లెక్క వేశానే గానీ, ఈ గుట్టలో మామూలు చర్మం ఎవరికుంది? ప్రతి చేతికీ కోత ఉంది. అందరూ ఒకే నీళ్ళలో మునిగారు. తోడుకు అంతకంటే పెద్ద విందు ఎవరు పెడతారు? ఈ బుద్ధి పిండి కలిపేటప్పుడు ఎక్కడికి పోయింది?

కాలిన మచ్చలు పోతే పోయాయి, నష్టం లేదు. ఆపరేషన్ కోతలున్నవాళ్ళు ఎవరని గుర్తు చేసుకున్నాను. కడుపు కోత పడినవాళ్ళలో బతికున్నది ముసలి గంగులమ్మ, మా హనుమక్క. గంగులమ్మ పక్కగుట్టలో కూతురి దగ్గరుంది. హనుమక్క నలుగుకు రాలేదు, తొట్టిలో దిగలేదు. నన్ను సబ్బుతో కడుక్కుంటే తప్ప ముట్టుకోనివ్వదు.

అయినా తోడు చేయిదాటితే, నియమం ప్రకారం ఆ పూటే విరుపు తాగేనీళ్ళ తొట్టిలో పడాలి. పడితే తిమ్మక్క ముఖం అలాగే గట్టిపడుతుంది. ముహూర్తం ఇంక కొద్ది రోజులే. పెళ్ళి కానిచ్చి ఆ సాయంత్రమే వేద్దామనుకున్నాను.

హనుమక్కను ఒక్క మాట అడిగి ఉండాల్సింది. నలుగుపిండి నీకు ఎక్కడైనా తగిలిందా అని. అడిగితే ఎందుకంటుంది. చెబితే మా తమ్ముడికి తెలుస్తుంది, వాడు సీసా లాక్కుని తానే తొట్టిలో వంపేస్తాడు. తగిలి ఉండదులే అని నాకు నేనే చెప్పుకుని పడుకున్నాను.

నమోదు 6

తిమ్మక్క బుగ్గ నున్నబడింది. దవడ దగ్గర మాత్రం మిగిలింది. భూతద్దంలో చూస్తే రంధ్రాలు కూడా వస్తున్నాయి, ఇక నూగు మొలుస్తుంది. నా చేతిమీద ఇంత మంచి పని ఎప్పుడూ జరగలేదు. ఆ పిల్ల ఈరోజు అద్దం అడగలేదు, నేనే ఇచ్చాను. చాలాసేపు చూసుకుని, "ఇది నేనేనా చిన్నమ్మా?" అంది. ఏడ్చేసింది. ఉప్పునీళ్ళు పడితే తోడుకు మంచిది కాదని కసురుకుంటూనే నా కొంగుతో అద్దాను.

ఇంటికొస్తే హనుమక్క గోడకానుకుని కడుపు గోక్కుంటోంది.

"నవ్వ వదినా. అడుగున, గీత పక్కన. నిన్న రాత్రి నుంచీ ఒగటే నవ్వ."

నలుగుపిండి గుర్తొచ్చింది. "నెలలు నిండేటప్పుడు చర్మం సాగుతుంది, దురద పుడుతుంది. అందరికీ ఉండేదే," అన్నాను. అది అబద్ధం కాదు. నిజంగానే అందరికీ ఉండేదే. కొబ్బరినూనె ఇచ్చాను. నేను రాస్తానంటే వద్దంది, తానే చీర కింద చేయి పెట్టి రాసుకుంది. నేనూ బలవంతం చేయలేదు. చీర తొలగించి చూసుంటే ఆ గీత ఉందో పోయిందో ఒక్క చూపులో తెలిసేది. ఊర్లో అందరి చర్మాలూ భూతద్దం పెట్టి చూసేదాన్ని, ఇంట్లో మనిషి కడుపు చూడలేదు.

నోటిదాకా వచ్చింది ఆ మాట. అప్పుడే మా తమ్ముడు ఉయ్యాలకు తాళ్ళు తెచ్చి, ఏ రంగు బాగుందో చెప్పమని ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. ఎర్రవి బాగున్నాయని చెప్పాను.

నమోదు 7

పెళ్ళి ఈరోజు.

తెర తీసినప్పుడు పెళ్ళికొడుకు తిమ్మక్కను చూసి ఒక్కక్షణం తడబడ్డాడు, వేరే పిల్లేమో అనుకున్నట్టున్నాడు. ఇది చౌడక్క పనే అని జనం నా వైపు చేతులు చూపించారు. లింగమ్మ పట్టలేక అందరి ముందూ నన్ను కౌగిలించుకుంది. గర్వపడ్డాను. దాచేదేముంది, ఒళ్ళంతా గర్వమే.

తలంబ్రాలు పోస్తుండగా మా తమ్ముడు గుంపును తోసుకుంటూ వచ్చాడు.

"అక్కా, రా. ఆయమ్మికి ఏమో అయితాంది. నొప్పులు కాదంట, లోపల ఏదో చీలినట్లుందంట. రా అక్కా!"

పరుగెత్తాం. హనుమక్క చాప మీద ముడుచుకుని ఉంది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కడుపు రాయిలా బిగిసింది. చీర తొలగించాను. గీత లేదు. పుట్టినప్పటి నుంచీ ఏ కత్తీ తగలనట్టుంది ఆ కడుపు.

సొరంగంలో నడిచే రైలుబండి మీద ఆసుపత్రి ఉన్న గుట్టకు తీసుకుపోయాం. దారంతా నా చేయి పట్టుకునే ఉంది. "బిడ్డ కదల్లేదు వదినా," అని ఒక్కటే మాట అంటూ వచ్చింది.

నమోదు 8

హనుమక్క బతికింది. బిడ్డ లేదు. ఆడపిల్ల. గర్భసంచి తీసేశారు, ఇక బిడ్డలు పుట్టరు.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ బయటికొచ్చి, పాత కుట్టు చోట గట్టిదనం అన్నదే లేదనీ, తడి కాగితంలా విడిపోయిందనీ, ఇలాంటిది తాను చూడలేదనీ చెప్పింది. ఎందుకో నాకు తెలుసునని ఆమెకు చెప్పాను. తోడు సంగతి మొత్తం చెప్పాను. ఆమె రాసుకుంది. మా తమ్ముడు పక్కనే ఉన్నాడు. విన్నాడు. లేచి వెళ్ళి, సొరంగం చివర గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మా గుట్టకు తిరిగొచ్చి విరుపు తాగేనీళ్ళ తొట్టిలో వంపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

హనుమక్కకు తోడు ఎలా చేరిందో లింగమ్మ చెప్పింది. నేను అడగ్గానే చెప్పింది, దాచాల్సిందేమీ లేదు కదా ఆమెకు. పెళ్ళికూతురి ఒంటి మీద నుంచి రాలిన నలుగుపిండి కడుపుకు రాసుకుంటే కాన్పు సులువవుతుందని మా గుట్టలో నమ్మకం. అది నాకు తెలియనిదా? నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే.

"పాపం రాలేకపోయిందే అని ముఖం మీద నుంచి రాలిందే ఏరి, గుడ్డలో కట్టి పంపిస్తి. ముఖం పిండి అయితే ఇంగా మంచిదని," అంటూ లింగమ్మ తల బాదుకుంది. ఆమె చేతులు పట్టుకుని ఆపాను. ఆమె తప్పేముంది ఇందులో? పిండిలో ఏముందో ఆమెకూ తెలుసు, కానీ అది కడుపులోకి దిగుతుందని ఆమెకు ఎవరు చెప్పారు? తెలిసింది నాకు. నియమం తెలుసు, ఆచారం తెలుసు, నవ్వ పుట్టిందని కూడా తెలుసు. మూడూ ఒక్కచోట చేర్చి చూడలేదు. చేరిస్తే తిమ్మక్క ముఖం పాడవుతుందని చూడలేదు.

నమోదు 9

కుండ కడిగి బోర్లించాను. పెద్దాఫీసుకు ఇక తోడు పెంచనని రాసి పంపాను. వాళ్ళేం చేస్తారో వాళ్ళిష్టం.

ఉదయం తిమ్మక్క, మొగుడు ఆసుపత్రికి వచ్చారు. పక్కగుట్టకు కాపురానికి వెళుతూ దండం పెట్టుకుని పోదామని వచ్చారట. లింగమ్మ ఆ పిల్లకు ఇంకా ఏమీ చెప్పలేదు. నా కాళ్ళకు దండం పెట్టి లేచేటప్పుడు ఆ ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఎక్కడా గీతలేదు. దీపం వెలుగులో బుగ్గ మీద నూగు కూడా కనిపించింది. నేను చూపు తిప్పుకుని, పిల్లాపాపలతో చల్లగా ఉండమని అలవాటుగా దీవించాను. ఆ మాట నోట్లో ఉండగానే నాలుక కొరుక్కోవాలనిపించింది.

మంచం మీద నుంచి హనుమక్క ఆ పిల్లను దగ్గరికి పిలిచింది. బుగ్గ తడిమి, "ఎంత బాగ చేసింది మా వదిన! చల్లగుండు తల్లీ," అంది. మా తమ్ముడు ఇంకా దానికి చెప్పలేదు. నువ్వే చెప్పు అని నన్ను వదిలేశాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

వాళ్ళు వెళ్ళాక తలుపు మూసి చెప్పాను. పిండిలో తోడు కలిపానని, నలుగు మర్నాడే నాకు అర్థమైందని, తిమ్మక్క ముఖం పూర్తికావాలని విరుపు వేయలేదని. నవ్వ అన్నప్పుడు అనుమానం వచ్చిందని కూడా చెప్పాను. అది దాచి ఉంటే ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ దాని ముఖం చూస్తూ ఇంకొక్క అబద్ధం ఆడడం నావల్ల కాలేదు.

హనుమక్క పైకప్పు వైపు చూస్తూ వింది. తర్వాత అడిగింది.

"నలుగుపిండి రాసుకున్న్యావా అని నన్ను అడగల్లనుకున్న్యావా, ఎప్పుడన్నా?"

"అనుకున్నాను."

"ఎన్ని తూర్లు?"

"రోజూ."

ఏడవలేదు, తిట్టలేదు. తిడితే కాళ్ళ మీద పడదామనుకుని కూర్చున్నాను. అది నా వైపు తిరిగి, ఏదో మామూలు సంగతి చెబుతున్నంత మెల్లగా అంది.

"అడిగింటే చెప్పేదాన్ని గదా వదినా."

దుప్పటి జారిపోతుంటే సరిచేయబోయాను. నా చేయి తగలకుండా తానే లాక్కుని కప్పుకుంది.